తలుపు తీసి ఉన్నంత మాత్రాన

గచ్చిబౌలిలోని ఒక ఐటీ సర్వీసుల కంపెనీలో పనిచేసే డేటా ఎనలిస్టును ఊహించుకుందాం. అమెరికాలోని ఒక ఆరోగ్య బీమా సంస్థ అతన్ని తన క్లౌడ్‌లోకి గెస్ట్‌గా పిలిచింది. మెయిల్‌లో వచ్చిన ఆహ్వానాన్ని నొక్కితే ముందు ఎదురయ్యేది అతని సొంత కంపెనీ లాగిన్ పేజీయే. పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్‌లో అప్రూవ్ చేశాక, పేరూ మెయిల్ చిరునామా ఆ సంస్థకు తెలుస్తాయి, సమ్మతమేనా అని అడిగే తెర వస్తుంది. సరేనంటే ఆ సంస్థ డైరెక్టరీలో అతనికో చోటు దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ ఎంట్రాలో అయితే (2023 దాకా దీన్నే అజూర్ యాక్టివ్ డైరెక్టరీ అనేవారు) అతని చిరునామాలోని 'ఎట్' గుర్తు కాస్తా అండర్‌స్కోర్ అయిపోయి, వెనకాల బయటివాడని చాటే 'ఎక్స్‌టి' తోక తగులుతుంది. టీమ్స్‌లో ఎవరికి మెసేజ్ పెట్టినా పేరు పక్కన గెస్ట్ అని పడుతుంది. అప్పగించిన పని చిన్నదే: జూన్ నెల క్లెయిముల రిపోర్టులో రెండు మొత్తాలు కలవడం లేదు, ఎందుకో చూడాలి. కానీ షేర్ చేసిన ఫోల్డరులో ఉన్నది జూన్ ఫైలు ఒక్కటే కాదు. ఐదేళ్ల క్లెయిములున్నాయి: పేర్లు, వయసులు, జబ్బుల కోడ్‌లు, ఆస్పత్రి బిల్లులు. దేనికీ తాళం లేదు, నొక్కితే తెరుచుకుంటాయి. ఆ అనుమతి దొంగిలించింది కాదు, ఆ సంస్థే ఇచ్చింది. మరి ఆ మిగతా ఫైళ్లు తెరిచే హక్కు అతనికుందా?

సెక్యూరిటీ టీము తేల్చాల్సిన సంగతి కదా, దీనికి ధర్మచర్చ ఎందుకు అనిపించవచ్చు. ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూస్తే ధర్మానికి ఇందులో ఎక్కడ చోటు మిగిలిందో తెలుస్తుంది. గెస్ట్ విధానం రెండు ప్రశ్నలను విడదీసి రెండు ఇళ్లకు పంచింది. వీడెవడు అనేదానికి అతని సొంత సంస్థ పూచీ పడుతుంది. ఏమేం తెరవవచ్చు అన్నది పిలిచిన సంస్థ చెబుతుంది. రెండూ చక్కగా, సెకన్లలో జరిగిపోతాయి. మూడో ప్రశ్న ఒకటుంది: ఎందుకు వచ్చాడు? ఈ ప్రశ్న మహా అయితే ఆహ్వానం పంపినప్పుడు ఒక పెట్టెలో రాసే ఒక వాక్యంగా మిగులుతుంది. ఆ తర్వాత ఫైలు తెరిచే ప్రతిసారీ యంత్రం మొదటి రెండూ సరిచూస్తుంది గానీ మూడోదాని జోలికి పోదు, పోలేదు కూడా. నేను చెప్పదలచింది ఇదే: గెస్ట్ హక్కు పుట్టేది ఆ మూడో ప్రశ్నకు దొరికే జవాబులోంచి, తెరుచుకున్న తలుపులోంచి కాదు. అనుమతి లేనిదే చూడకూడదు, నిజమే. అనుమతి ఉన్నంత మాత్రాన చూడవచ్చునని దానర్థం కాదు. పని ఎంతవరకో హక్కు అంతవరకే.

అతిథి మాట ఎత్తితే మనకు గుర్తొచ్చేదంతా ఇంటివాడి బాధ్యతే. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి, గురుకులం విడిచి వెళ్లే శిష్యుడికి తల్లి, తండ్రి, గురువుల తర్వాత అతిథిని దైవంగా చూడమని చెబుతుంది. కఠోపనిషత్తులో నచికేతుడు యముడి ఇంట మూడు రాత్రులు పస్తున్నాడని తెలిసి మృత్యుదేవతే కంగారుపడి మూడు వరాలిస్తాడు. ఇవి పిల్లలకు కూడా తెలిసిన సంగతులు. వచ్చినవాడికి పెట్టిన నియమాలు మాత్రం అంత ప్రచారానికి నోచుకోలేదు. మనుస్మృతి మూడో అధ్యాయం అతిథి అంటే ఒక్క రాత్రి ఉండేవాడని హద్దు గీసింది. పరుల వంటకు అలవాటుపడి తిరిగే గృహస్థు మరుజన్మలో తనకు అన్నం పెట్టినవాళ్ల ఇంట పశువవుతాడని బెదిరించింది కూడా. (ఆ గ్రంథమే బ్రాహ్మణుడి ఇంటికి వచ్చిన మిగతా వర్ణాలవారిని అతిథులుగా లెక్కించనంది, దాని గీతలన్నీ నెత్తిన పెట్టుకోవాల్సినవి కావు.) ఇస్లాం సంప్రదాయంలో ప్రత్యేక మర్యాద ఒక పగలూ రాత్రీ, ఆతిథ్యం మూడు రోజులు, ఆ పైన పెట్టేది దానం కిందికి వస్తుంది, ఇంటివాడిని ఇబ్బంది పెట్టేదాకా ఉండిపోవడం అతిథికి తగదని హదీసు. తొలినాటి క్రైస్తవుల 'డిడాకే' అనే చిన్న గ్రంథం, ఊరూరా తిరిగే బోధకుడు ఒక రోజు, అవసరమైతే రెండో రోజు ఉండవచ్చని, మూడో రోజూ ఉంటే వాడు దొంగ ప్రవక్త అని తేల్చేసింది. ఒకరినొకరు చూసి రాసుకున్నవి కావివి. అయినా అన్నీ ఒక్క తీరున ఆలోచించాయి: పొమ్మనే భారం ఇంటివాడి మీద పెట్టలేదు. పొమ్మనలేకపోవడమే మంచి ఇంటివాడి లక్షణం కాబట్టి, వెళ్లే బాధ్యతను వచ్చినవాడి మీదే పెట్టాయి.

వీటన్నిటికంటే వివరంగా, దాదాపు ఆఫీసు మాన్యువల్‌లా రాసినవారు బౌద్ధులు. భిక్షువుల నియమావళి అయిన వినయ పిటకంలో, చుల్లవగ్గం ఎనిమిదో భాగంలో కొత్త విహారానికి వచ్చిన భిక్షువు ఏం చేయాలో వరుసగా ఉంది. చెప్పులు విడిచి దుమ్ము దులపాలి, గొడుగు దించాలి, తొందరపడకుండా లోపలికి నడవాలి. తాగే నీళ్లు ఏవి, కాళ్లు కడిగే నీళ్లు ఏవి అని అడగాలి. తనకు ఏ గది ఇచ్చారో, అందులో ఎవరైనా ఉన్నారో లేదో అడగాలి. భిక్షకు ఏ దారుల్లో వెళ్లవచ్చు, ఏ దారుల్లో వెళ్లకూడదు, ఏ వేళకు బయటికి పోవాలి, ఏ వేళకు తిరిగి రావాలి, అన్నీ అడిగి తెలుసుకోవాలి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఖాళీ విహారం గురించిన నియమం. ఎవరూ లేరని తెలిసినా తలుపు తట్టి, ఒక క్షణం ఆగి, గడియ తీసి, బయటే నిలబడి లోపలికి చూడాలి. అడ్డుకునేవాడు లేడు, తాళం లేదు, చూస్తున్నవాడూ లేడు. అయినా ఆ క్షణం ఆగమన్నారు. జూన్ ఫైలు వెతుకుతూ ఐదేళ్ల క్లెయిముల ఫోల్డరు ముందు నిలబడ్డ మన ఎనలిస్టు పరిస్థితి సరిగ్గా ఇదే. అతను ఆగాల్సిన చోటు కూడా అదే: ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి, ఇంకా తెరవలేదు.

దీనికి మొదటి అభ్యంతరం పసగలదే. అన్నం, నీళ్లు, పడక ఒకరు వాడితే ఇంకొకరికి తగ్గిపోతాయి, అందుకే ఆ నియమాలు. డేటా అలా కాదు. చూసినంత మాత్రాన ఒక్క వరుస తరగదు, ఇంటివాడికి నష్టమేమిటి? క్లౌడ్ షేరింగ్ గొప్పదనం కూడా అందులోనే ఉంది. 2021లో వచ్చిన డెల్టా షేరింగ్ వంటి పద్ధతుల్లో డేటా ఇచ్చేవాడి స్టోరేజిలోనే ఉండిపోతుంది, అవతలివాడు అక్కడినుంచే చదువుకుంటాడు. తరుగు లేనప్పుడు హద్దెందుకు? ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటర్లు రావడానికి పదమూడు వందల ఏళ్ల ముందే ఉంది. ఖురాన్ 24వ సూరా పరుల ఇళ్లలోకి అడగకుండా, సలాం చెప్పకుండా వెళ్లవద్దంటుంది. తిరిగి వెళ్లమంటే వెళ్లిపొమ్మంటుంది. తన ఇంటి కన్నంలోంచి ఒకడు తొంగి చూసినప్పుడు ప్రవక్త చెప్పిన మాట హదీసుల్లో ఉంది. దాని సారం ఇది: లోపలికి రావడానికి అనుమతి అడగమన్నది చూపు కోసమే. కాలు లోపల పెట్టడం రెండో సంగతి, అసలు ప్రవేశం కన్నుదే. డేటా విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే అక్కడ చూడటమే తీసుకోవడం. ఎదురింటాయన కూతురి జబ్బు కోడ్ ఒకసారి కంటబడ్డాక దాన్ని వెనక్కి ఇచ్చేయడానికి ఏ బటనూ ఉండదు.

రెండో అభ్యంతరం మన ఆఫీసుల్లో రోజూ వినిపించేదే: చూడకూడనిది అయితే తాళం వేసుకోవాలి గానీ, తెరిచిపెట్టి మమ్మల్ని అంటే ఎలా? అవతలివాళ్ల మనసులో ఏముందో గెస్ట్ ఎలా కనిపెడతాడు? దీనికి న్యాయస్థానం మద్దతు కూడా ఉంది. జార్జియా రాష్ట్రంలో ఒక పోలీసు సార్జెంట్ డబ్బుకు ఆశపడి పోలీసు డేటాబేసులో ఒక కారు నంబరు వెతికాడు. లాగిన్ అతనిదే, ఆ డేటాబేసు చూసే అధికారమూ అతనిదే. ఉద్దేశం ఒక్కటే చెడ్డది. వాన్ బ్యూరెన్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆరు-మూడు తేడాతో, 1986 నాటి కంప్యూటర్ మోసాల చట్టం కింద అది నేరం కాదంది. ప్రవేశం ఉన్న చోటికి చెడ్డ ఉద్దేశంతో వెళ్లడం ఆ చట్టం పరిధిలోకి రాదు, అడ్డు ఉన్న చోటికి వెళ్తేనే నేరం. తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. లేకుంటే ఆఫీసు కంప్యూటరులో వార్తలు చదువుకున్నవాడు కూడా ఫెడరల్ నేరస్థుడవుతాడని కోర్టు భయపడింది, ఆ భయం న్యాయమైనదే. అయితే ఆ తీర్పు చెప్పింది ఎంతవరకు? జైలుకు పంపడానికి గేటు తెరిచుందా మూసుందా అన్నదే కొలత అని. ఆ సార్జెంట్ చేసింది మంచి పని అని తొమ్మిది మందిలో ఒక్కరూ అనలేదు. శిక్షకు యంత్రం చూడగలిగే కొలతే కావాలి. యంత్రం చూడలేనిదే ధర్మానికి పని. అవతలివాళ్ల మనసు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకైతే చుల్లవగ్గం చెప్పిన దారి ఒక్కటే ఉంది: అడగడం. జూన్ ఫైలు చాలు కదా, మిగతావి కూడా కావాలనే ఇచ్చారా అని ఒక చాట్ మెసేజ్. పిలిచినవాళ్లకు మొహమాటమేమీ కాదు, చాలాసార్లు అది వాళ్లకు ఉపకారం. పొరపాటున తెరిచి ఉన్న ఫోల్డరు సంగతి వాళ్లకు మొదట తెలిసేది అలాగే.

ఇక్కడిదాకా వచ్చాక అసలు చిక్కు ఎదురవుతుంది. పిలిచిన సంస్థే, అవును, మిగతావి కూడా చూడండి, మాకేం ఫర్వాలేదు అందనుకోండి. అప్పుడు? ఇంటివాడు ఇష్టపడి పెట్టాక తినడానికి అతిథికి అడ్డేమిటి? పాత ఆతిథ్యాన్నీ క్లౌడ్ ఆతిథ్యాన్నీ పక్కపక్కన పెడితే బయటపడే తేడా ఇదే. పాత ఇంట్లో అన్నం ఇంటివాడిది. ఇక్కడ క్లెయిముల ఫైలులోని ఒక్కో వరుసా ఒక్కో మనిషిది. ఆ మనిషి తన గుండె ఆపరేషను సంగతి చెప్పింది బిల్లు కట్టించుకోవడానికి, అంతే. బీమా సంస్థ ఉదారంగా ఫోల్డరంతా తెరిచివ్వడం అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం లాంటిది. కాబట్టి గెస్ట్ బాధ్యత పిలిచినవాడి పట్ల కృతజ్ఞతతో తీరిపోదు. ఆ ఇంట లేని, ఆహ్వానంలో సంతకం పెట్టని, తన పేరు ఎవరు చదువుతున్నారో ఎన్నడూ తెలియని మనిషి పట్ల ఉంటుంది. పిలిచిన సంస్థ దాన్ని మాఫీ చేయలేదు, ఎందుకంటే అది వాళ్లకు రావలసిన బాకీ కాదు.

ఇది నేను కొత్తగా కల్పిస్తున్న సంగతి కాదు. అదే వినయ పిటకంలో పాటిదేసనీయ నియమాల్లో, అంటే మీరితే తప్పు ఒప్పుకోవాల్సినవాటిలో, మూడోది ఇలాంటి ఘట్టంలోంచే పుట్టింది. భక్తి పెరిగే కొద్దీ ఆస్తి తరిగిపోతున్న ఒక కుటుంబం, ఉన్నదంతా భిక్షువులకు పెట్టి తాము పస్తులుండేది. అప్పుడు అలాంటి ఇళ్లను సంఘం గుర్తించి ప్రకటించాలని, ముందుగా పిలవకుండా, జబ్బు లేకుండా భిక్షువు ఆ ఇంట చేతులారా తీసుకుని తినకూడదని నియమం పెట్టారు. కొత్తగా వచ్చిన భిక్షువు అడిగి తెలుసుకోవాల్సినవాటిలో అలాంటి ఇళ్లు ఏవన్నదీ ఒకటి. పెట్టేవాళ్లు మనస్ఫూర్తిగానే పెడుతున్నారు. అయినా పుచ్చుకునేవాడికి హద్దు ఉంది, ఎందుకంటే ఆ ఇవ్వడం వల్ల నలిగేది ఎవరో పుచ్చుకునేవాడు చూడాలి. ఇవ్వడంలోని అంగీకారం పుచ్చుకోవడానికి పూర్తి సమర్థన కాదని ఇంత స్పష్టంగా చెప్పిన నియమం నాకు మరెక్కడా కనిపించలేదు.

చట్టం ఈ పని చేయడం లేదా అంటే, సగమే చేస్తోంది. అమెరికా ఆరోగ్య సమాచార చట్టం హిపా కింది నియమాలు పనికి అవసరమైన మేరకే సమాచారం వాడాలంటాయి. ఆ మాట ఒప్పందం ద్వారా హైదరాబాదు కంపెనీకీ వర్తిస్తుంది. కానీ ఎంత అవసరమో లెక్కగట్టేది ఫోల్డరు షేర్ చేసే రోజున, ఒకసారి. ఫైలు మీద క్లిక్ చేసే క్షణాన ఆ లెక్క చూసేది గెస్ట్ ఒక్కడే. మన దేశపు చట్టం సంగతి ఇంకా విచిత్రం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పిన ప్రయోజనానికి అవసరమైనంత డేటాకే సమ్మతి వర్తిస్తుందని చక్కగా రాసింది. అదే చట్టం 17వ సెక్షనులో, విదేశీ సంస్థతో ఒప్పందం మీద దేశం బయట ఉన్నవారి డేటాను ఇక్కడ ప్రాసెస్ చేసేవారికి చాలా బాధ్యతలను సడలించి, భద్రంగా కాపాడటం వంటి కొన్నిటిని మాత్రం ఉంచింది. ఔట్‌సోర్సింగ్ వ్యాపారం దెబ్బతినకూడదన్న ఆలోచన అర్థం చేసుకోదగిందే. దాని ఫలితం మాత్రం గచ్చిబౌలిలోనో విశాఖలోనో కూర్చున్న మన గెస్ట్ మీద, ఎందుకు చూస్తున్నావన్న ప్రశ్న విషయంలో, మన చట్టం పట్టు చాలావరకు వదిలేయడమే.

ఉద్యోగి తరఫున మరో అభ్యంతరం ఉంది. గెస్ట్ అతిథి కాదు, జీతగాడు. లోపలికి వెళ్లింది తన కోసం కాదు, కంపెనీ కోసం. క్లయింట్ యాక్సెస్ ఇచ్చాడు కదా, డేటా మొత్తం ఒకసారి దించి పెట్టుకో, తర్వాత పనికొస్తుంది అని మేనేజరు అంటే అతనేం చేస్తాడు? ఈ ప్రశ్న వేసినవారు ఒక నిజం పట్టుకున్నారు: ఈ రోజుల్లో అతిథిగా వెళ్లేది మనిషి కాదు, సంస్థ. జర్మన్ తత్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన గ్రంథంలో పరదేశికి వచ్చి పలకరించే హక్కు ఉంటుందని, ఇంట ఉండిపోయే హక్కుకు మాత్రం వేరే ఒప్పందం కావాలని విడదీశాడు. అక్కడే ఐరోపా వర్తక రాజ్యాలు పరదేశానికి అతిథుల్లా వెళ్లడమంటే దాన్ని జయించడమేనని అనుకున్నాయని, వర్తక స్థావరాల నెపంతో హిందూస్థానంలోకి సైన్యాన్ని దించాయని దుయ్యబట్టాడు. ఆ కథ మనకు పుస్తకాల్లో చదివే కథ కాదు. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నది 1611లో. ఉత్తర సర్కార్లు దాని చేతికి వెళ్లింది 1760ల్లో. మధ్యలో ఏ గుమాస్తా కూడా తాను దేశం ఆక్రమిస్తున్నానని అనుకుని ఉండడు, పై నుంచి వచ్చిన ఉత్తరాల ప్రకారం లెక్కలు రాసుకున్నాడు. సంస్థ అతిథిగా వెళ్లినప్పుడు నీతి ఎవరి దగ్గరా ఉండకుండా జారిపోయే వీలు ఉంది, గుమాస్తా చేతిలో లేకపోతే మరెక్కడా లేదు. మేనేజరు మాట కాదనడం కష్టమని నేను ఒప్పుకుంటాను. కానీ క్లయింట్ డైరెక్టరీలో ఉన్నది మేనేజరు పేరు కాదు, అతని పేరే. యాక్సెస్ లాగులో పడేదీ అతని పేరే.

చివరిగా, హద్దులు పాటించే గెస్ట్ నేరాలకు కాపలాదారు అయిపోడా? జూన్ లెక్క చూస్తుండగా ఆ సంస్థ అర్హులైన రోగుల క్లెయిములను కావాలనే తిరస్కరిస్తున్నట్టు కనిపిస్తే, అతిథి మర్యాద పేరుతో నోరు మూసుకోవాలా? గెస్ట్ బాధ్యత పిలిచినవాడి పట్ల విధేయత మాత్రమే అయితే ఈ చిక్కుకు జవాబు లేదు. కానీ ఆ బాధ్యత వరుసల్లో ఉన్న మనుషుల పట్ల అని ఒప్పుకున్నాక, వాళ్లకు కీడు జరుగుతుంటే చెప్పడం కూడా అదే బాధ్యతలో భాగం. పని దారిలో కంటబడిన దానికీ, తీగ దొరుకుతుందేమోనని ఇల్లంతా గాలించడానికీ తేడా ఉంది. మొదటిది చెప్పాల్సిందే. రెండోదాన్ని నేను సమర్థించను, ఎందుకంటే ఆ గాలింపులో బయటపడే వేల జబ్బుల చీటీలకు ఆ తప్పుతో ఏ సంబంధమూ లేదు. అతను నడిపే ఏఐ సహాయకుడికీ ఇదే కొలత. తన అనుమతుల్లో ఉన్నదంతా చదివి జవాబు చెప్పమంటే అది ఐదేళ్ల ఫోల్డరునూ మొహమాటం లేకుండా తిరగేస్తుంది. తలుపు ముందు ఆ క్షణం ఆగడం దానికి రాదు కాబట్టి, ఏ ఫైలు చూడాలో చెప్పి పంపాల్సింది దాన్ని పంపినవాడే.

ఇంతకీ పని అయిపోతే హక్కు కూడా అయిపోవాలి. ఇక్కడ యంత్రాల తీరు మర్యాదకు ఎదురు నడుస్తుంది. ఎంట్రాలో ఎవరూ మార్చకుండా వదిలేసిన అమరికలో వచ్చిన గెస్టు ఇంకో గెస్టును పిలవవచ్చు. యాక్సెస్ రివ్యూలు, గడువు తేదీలు ఉన్నాయి, పెట్టుకుంటేనే పనిచేస్తాయి. గెస్ట్ తన కంపెనీ మానేస్తే సొంత ఇంటి లాగిన్ మూసుకుపోయి అవతలి తలుపు కూడా తెరుచుకోదు. మానకుండా ఇంకో ప్రాజెక్టుకు మారితే మాత్రం పిలిచినవాళ్లకు ఆ సంగతే తెలియదు; సొంత సంస్థ ఇంకా పూచీ పడుతూనే ఉంటుంది, అనుమతి అలాగే ఉంటుంది, ఎందుకు వచ్చాడన్న ప్రశ్నకు జవాబు మాత్రం చచ్చిపోయి ఉంటుంది. వినయ పిటకం విహారం విడిచి వెళ్లే భిక్షువు సామాను సర్ది, తలుపులూ కిటికీలూ మూసి, గది చూసే భిక్షువుకు చెప్పి వెళ్లమంది; భిక్షువు లేకపోతే శ్రామణేరుడికి, అంటే ఇంకా పూర్తి దీక్ష పొందని శిష్యుడికి, అతనూ లేకపోతే విహారం పనివాడికి చెప్పమంది. మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో సంస్థల జాబితా కింద, గెస్టుగా ఉన్న చోటి నుంచి తానే వైదొలగే వీలు ఉంది. ఎవరూ తీసేయకముందే తనంత తాను వెళ్లిపోవచ్చు. అలా వెళ్లాక అవతలి డైరెక్టరీలో అతని ఖాతా 30 రోజులు తొలగించినవాటిలో ఉండి తర్వాత పూర్తిగా పోతుంది. అతని లాప్‌టాప్ డౌన్‌లోడ్స్ ఫోల్డరులో దించుకున్న జూన్ ఫైలు మాత్రం ఆ 30 రోజుల తర్వాతా అక్కడే ఉంటుంది. పిలిచిన సంస్థ అడ్మిన్‌కు అది కనిపించదు, దాన్ని చెరిపేయాల్సింది అతనే.